ఖాళీ అయితేనే గెలిచినట్టు: చింపాంజీల శాంక్చురీలు, మన తిరుపతి సింహాలు

జూలో పిల్ల పుట్టిందంటే మన దగ్గర అది పండగ వార్త. పేపర్లో ఫొటో, పేరు పెట్టే ఫంక్షన్, ఆ ఆదివారం గేటు దగ్గర క్యూ. అదే రెస్క్యూ చేసిన జంతువులను ఉంచే చోట పిల్ల పుట్టిందంటే అక్కడ ఎవరో పని సరిగ్గా చేయలేదని లెక్క. ఈ మాట చాలామందికి గుచ్చుకుంటుంది, కానీ చింపాంజీల శాంక్చురీలు, అంటే రెస్క్యూ చేసినవాటిని చివరిదాకా సాకే చోట్లు, రోజూ ఎట్లా నడుస్తాయో కాస్త దగ్గరగా చూస్తే ఎందుకంటున్నానో తెలుస్తుంది.

ముందు అమెరికా సంగతి. అక్కడ శాంక్చురీ పెట్టాల్సినన్ని చింపాంజీలు అసలెందుకున్నాయి? ఎయిడ్స్ మీద రీసెర్చ్ కోసమని అక్కడి సర్కారు వైద్య పరిశోధన సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ 1986లో బ్రీడింగ్ ప్రోగ్రామ్ పెట్టించింది, పిల్లలు పుట్టాయి, వైరస్ ఎక్కించారు, తీరా చూస్తే వాటిలో చాలావాటికి జబ్బే రాలేదు, అంటే ఆ పనికి అవి పెద్దగా పనికిరాలేదు. 1995లో బ్రీడింగ్ ఆపేశారు. పుట్టినవి మాత్రం ఉన్నాయి కదా, ఒక్కోటి మనుషుల దగ్గర యాభై ఏళ్లు కూడా బతుకుతుంది. 2000లో వాటి రిటైర్మెంట్ కోసం ఒక చట్టమే చేయాల్సొచ్చింది, దాని కింద లూసియానాలో చింప్ హేవెన్ అనే శాంక్చురీ మొదలై 2005లో చింపాంజీలు రావడం మొదలైంది. 2015లో ఆ సంస్థ చింపాంజీల మీద ఇట్లాంటి రీసెర్చ్‌కి పూర్తిగా స్వస్తి చెప్పింది. తొమ్మిదేళ్ల పాటు చేసిన తప్పుకి ఇప్పటికీ బిల్లు కడుతూనే ఉన్నారు.

ఇక రోజువారీ పని. శాంక్చురీ అంటే చింపాంజీని ఎత్తుకుని ముద్దు చేయడమని అనుకునేవాళ్లు ఎక్కువ, వీడియోల పుణ్యం. పెద్ద చింపాంజీ ఉన్న చోటుకి కేర్‌టేకర్ అసలు లోపలికే పోడు, అన్నీ మెష్ (ఇనుప జాలీ) ఇవతల నుంచే. పొద్దున్నే అందరూ ఉన్నారా, ఎవరికైనా దెబ్బలు తగిలాయా, ఎవరైనా తిండి మానేశారా చూసుకోవాలి, తర్వాత వాటిని పక్క గదిలోకి పిలిచి తలుపులు వేశాక తాళాలు రెండుసార్లు చెక్ చేసుకుని అప్పుడు క్లీనింగ్, అంటే రోజులో సగం పని పేడ కడగడమే, రొమాన్స్ ఏమీ లేదు. జలుబు ఉన్న మనిషిని దగ్గరికి రానివ్వరు, మన జలుబు వాటికి అంటుకుంటే న్యుమోనియా దాకా పోతుంది.

తిండి విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అరటిపండ్లు గంపలకొద్దీ పెడతారనుకుంటాం, కానీ మనం పండించే పండ్లలో అడవి పండ్ల కంటే తీపి చాలా ఎక్కువ, అందుకని ఆకుకూరలు, కూరగాయలు, ప్రత్యేకంగా చేసిన బిస్కెట్లు ఎక్కువ పెట్టి పండ్లు లెక్కగా ఇస్తారు. అవి కూడా గిన్నెలో పెట్టరు. గడ్డిలో చల్లుతారు, పైపుల్లో కుక్కుతారు, సిమెంటుతో చెదపుట్ట లాంటిది కట్టి దాని బొక్కల్లో తేనో సాసో పోస్తారు, అది పుల్ల తెచ్చుకుని ఆకులు పీకి కొస సరిచేసుకుని లోపలికి దూర్చి నాక్కోవాలి. 1960లో చింపాంజీల మీద పరిశోధన చేసిన జేన్ గుడాల్ టాంజానియాలోని గోంబేలో చూసి లోకానికి చెప్పింది ఇదే పని, అక్కడ నిజం చెదలు, ఇక్కడ సాస్. అడవిలో పగలంతా తిండి వెతకడానికే పోతుంది, బోనులో ఐదు నిమిషాల్లో తినేస్తే మిగిలిన రోజంతా ఏం చేయాలి? ల్యాబ్ నుంచి వచ్చినవాటిలో కొన్ని గంటలకొద్దీ ఊగుతూ కూర్చుంటాయి, ఒంటి మీద వెంట్రుకలు పీక్కుంటాయి. వాటికి డాక్టర్ ఎంత అవసరమో పని అంత అవసరం.

సాయంత్రం గడ్డి, దుప్పట్లు ఇస్తారు, ఏ రాత్రికారాత్రి కొత్త పక్క వేసుకోవడం వాటి అలవాటు. ఇంజెక్షన్ వేయాలంటే పట్టుకుని కట్టేయరు, రోజూ కొంచెం కొంచెం అలవాటు చేసి చింపాంజీయే తనంతట తాను చేయి మెష్ దగ్గర పెట్టేలా నేర్పిస్తారు. పెట్టకపోతే ఆ రోజుకి వదిలేస్తారు. నాకైతే మొత్తం వ్యవహారంలో గొప్పగా అనిపించింది ఈ వదిలేయడమే. ఏళ్ల తరబడి ఏ విషయంలోనూ మాట చెల్లని జీవి వద్దంటే ఇక్కడ వింటారు.

ఆఫ్రికాలో కథ వేరే. మాంసం కోసం తల్లిని చంపి, చేతికొచ్చిన పిల్లను పెంపుడు జంతువుగా అమ్మేస్తారు, అట్లా దొరికిన అనాథలు అక్కడి శాంక్చురీలకి వస్తాయి. జాంబియాలో చింఫున్షీ 1983లో, కాంగో రిపబ్లిక్‌లో చింపూంగా 1992లో, ఉగాండాలో విక్టోరియా సరస్సు మధ్య న్గాంబా దీవి 1998లో మొదలయ్యాయి. చింపాంజీ పిల్ల నాలుగైదేళ్లు తల్లిని అంటుకునే ఉంటుంది, అందుకని చిన్నపిల్ల వస్తే మనిషి రాత్రీపగలూ చంకలో పెట్టుకోవాల్సిందే. తర్వాత గుంపులో కలపడం ఇంకో యజ్ఞం, ముందు మెష్ అవతల నుంచి చూపించి, తర్వాత ఒకటి రెండింటితో, ఆ తర్వాత అందరితో. ఒకదాని వేళ్లు ఒకటి కొరుక్కుంటాయి, చెవులు చిరుగుతాయి, నెలలు పడుతుంది.

మరి అడవిలో వదిలేయొచ్చు కదా? కాంగోలో కొన్నింటిని 1996 నుంచి వదిలారు కూడా, కానీ అడవిలో ముందే ఉన్న గుంపులు కొత్త మగవాటిని చంపేస్తాయి, మనిషికి అలవాటైనది ఊళ్లోకి వస్తుంది, ల్యాబ్‌లో పుట్టినదానికి అడవే తెలీదు. ఎక్కువ వాటికి ఆ దారి లేదు. అందుకే మంచి శాంక్చురీలు మగవాటికి ఆపరేషన్లు, ఆడవాటికి మందులు ఇచ్చి పిల్లలు పుట్టకుండా చూస్తాయి. ఒక్కోసారి ఫెయిల్ అవుతుంది, 2007లో చింప్ హేవెన్‌లోనే, మగవాటన్నింటికీ ఆపరేషన్ చేయించినా ఒక పిల్ల పుట్టింది, తండ్రి ఎవరో తేల్చడానికి డీఎన్ఏ టెస్టులు చేయాల్సొచ్చింది.

దీనికి ఎదురు వాదన ఉంది, తేలిగ్గా తీసేసేది కూడా కాదు. పిల్లను సాకడం చింపాంజీ బతుకులో పెద్ద భాగం, అది లాగేసుకుంటే స్వేచ్ఛ ఇచ్చినట్టా అని అడుగుతారు. నిజమే, గుంపులో ఒక పసిది ఉంటే పెద్దవి ఉషారవుతాయి. కానీ ఆ పసిది యాభై ఏళ్లు గోడల మధ్యే బతకాలి, పైగా దానికిచ్చే చోటు ఇంకా ఎక్కడో బోనులో ఉన్న ముసలి చింపాంజీకి దక్కాల్సిన చోటు. నేను ఆ ముసలిదాని వైపే.

ఇప్పుడు మన ఊరు తిరుపతికి వద్దాం. శ్రీ వెంకటేశ్వర జూ పార్క్ 1987లో పెట్టింది, ఐదున్నర వేల ఎకరాలు, కొండ దిగిన యాత్రికులు టైముంటే అటు పోయి వస్తా ఉంటారు. సర్కస్‌లో పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలాడించకూడదని కేంద్రం 1998లో నోటిఫికేషన్ ఇస్తే సర్కస్ వాళ్లు కోర్టుకెళ్లారు, 2001లో సుప్రీంకోర్టు కూడా కేంద్రం నోటిఫికేషనే సరైందంది. అట్లా బయటపడిన పులులను, సింహాలను పెట్టడానికి ఎంచుకున్న చోట్లలో తిరుపతి ఒకటి, వైజాగ్ ఒకటి. ఆ సింహాల్లో ఎక్కువ ఆఫ్రికా, గిర్ జాతులు కలిసిన సంకరం, అడవికి పనికిరావు, బ్రీడింగ్‌కీ పనికిరావు. అందుకని పిల్లలు పుట్టనివ్వలేదు, ముసలివై ఒక్కోటే పోతూ వచ్చాయి. అప్పుడప్పుడూ "రెస్క్యూ సెంటర్‌లో మరో సింహం మృతి" అని వార్త వస్తుంది, కింద కామెంట్లలో "ఏం చూసుకుంటా ఉండారబ్బా" అని తిట్లు. నిర్లక్ష్యం ఉంటే తిట్టాల్సిందే, అడగాల్సిందే. కానీ వయసైపోయి, జబ్బుకి మందు అందుతుండగా పోయిన సింహం ఆ సెంటర్ చేయాల్సిన పనిలో భాగమే. పాలివ్వడం మానేసిన ఆవుని గోశాలలో చివరిదాకా సాకడం మన తిరుపతి వాళ్లకి కొత్తగా చెప్పాలా?

అసలు చిక్కు డబ్బు దగ్గర. పట్టుకున్న రోజు కెమెరాలు వస్తాయి, పదిహేనో ఏడు మందుల బిల్లుకి ఎవరూ రారు. అమెరికా చట్టంలో నడిపే ఖర్చులో మూడొంతులు సర్కారుది, ఒక వంతు శాంక్చురీ విరాళాలతో తెచ్చుకోవాలని ముందే రాసుకున్నారు. మన దేశంలో 2019లో ఈడీ ఒక స్మగ్లింగ్ కేసులో కోల్‌కతా అలీపూర్ జూలో ఉన్న మూడు చింపాంజీలను ఆస్తి కింద అటాచ్ చేసింది, ఒక్కోటి పాతిక లక్షలని విలువ కూడా కట్టారు. వెల కట్టడం మనకు వచ్చు. యాభై ఏళ్ల మేత ఖర్చు అదే కాగితం మీద ఎవరన్నా రాశారా అన్నదే నా అనుమానం.

రెస్క్యూ పేరుతో ఇప్పుడు కొత్త కొత్త సెంటర్లు వస్తున్నాయి, అందులో మంచివి ఉంటాయి, ప్రైవేట్ జూకి పెట్టిన అందమైన పేరు మాత్రమే అయినవీ ఉంటాయి. తేడా తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. జూల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ సెంట్రల్ జూ అథారిటీకి ఇచ్చే జంతువుల లెక్కల్లో పుట్టినవి, వచ్చినవి, పంపినవి, చనిపోయినవి అని వేరే వేరే గళ్లుంటాయి. రెస్క్యూ సెంటర్ అని చెప్పుకునేవాళ్లని ఆ పుట్టినవి అన్న గడిలో సున్నా ఉందా అని అడగండి, లేకపోతే ఎందుకు లేదో చెప్పమనండి.