ఆదికాండము ఏ ప్రశ్నకు జవాబు చెబుతోంది?

బైబిలు దేవుని వాక్యమనీ, అది బోధించదలచిన విషయంలో పొరపాటుకు తావు లేదనీ నమ్మడం వేరు. సృష్టి కథ చెప్పే బైబిలు తొలి గ్రంథం ఆదికాండమును బట్టి భూమి వయస్సు ఆరు వేల ఏళ్లేనని నమ్మడం వేరు. ఈ రెండింటినీ ఒకే ముడి వేసి, రెండోది కాదన్నవాడు మొదటిదాన్నీ వదులుకున్నట్టేనని దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం మొదలుకొని రాయగడ, జయపురం దాకా మన తెలుగు సంఘాల్లో వినిపిస్తున్న బోధ లేఖనాలకు రక్షణ కల్పించడం లేదు. అవి ఎన్నడూ పూనుకోని వాదాన్ని వాటి నెత్తిన పెట్టి, ఆ వాదం ఓడిపోయిన రోజున లేఖనాలే ఓడిపోయినట్టు కనిపించే పరిస్థితిని తెచ్చిపెడుతోంది.

నేపథ్యం ఇక్కడి పాఠకులకు కొత్త కాదు. వేసవి సెలవుల్లో పిల్లలకు బైబిలు నేర్పే వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్) తరగతుల్లో నోవహు ఓడ పక్కన డైనోసార్లు నిలబడిన బొమ్మలకు పిల్లలు రంగులు వేస్తున్నారు. యూట్యూబు ప్రసంగాల్లో జీవపరిణామం సాతాను పన్నిన పన్నాగమైపోయింది. ప్లస్ టూలో సైన్సు చదువుతున్న యువకుడు సంఘంలో ఒక ప్రశ్న వేస్తే, జవాబుకు బదులు అతని విశ్వాసం మీద అనుమానం ఎదురవుతోంది. అలా అనుమానించే పెద్దలు తాము పితరుల బాటలోనే నడుస్తున్నామని మనస్ఫూర్తిగా అనుకుంటారు. వారి చిత్తశుద్ధిని నేను శంకించను. అయితే వారు పాతదనుకుంటున్న ఆ బాట నిజానికి చాలా కొత్తది.

లేఖనాల దోషరహితత్వాన్ని ఆధునిక కాలంలో అందరికంటె పకడ్బందీగా సమర్థించినవారిలో ప్రిన్స్‌టన్ వేదాంతి బి.బి. వార్‌ఫీల్డ్ ముందు వరుసలో ఉంటారు. 1881లో ఎ.ఎ. హాడ్జ్‌తో కలిసి ఆయన రాసిన వ్యాసమే ఆ సిద్ధాంతానికి నేటికీ ఆధారం. అదే వార్‌ఫీల్డ్, మానవజాతి ఎంత ప్రాచీనమైనదన్న ప్రశ్నకు వేదాంతపరంగా ప్రాముఖ్యం లేదని 1911లో రాశారు. జీవపరిణామం దేవుడు తన సృష్టిని నడిపించే విధానం కావచ్చునన్న ఆలోచనకు తలుపు మూయలేదు. 1910–1915 మధ్య అమెరికాలో వెలువడి 'ఫండమెంటలిస్టు' అన్న పేరు పుట్టడానికే కారణమైన సంపుటాల్లో వ్యాసాలు రాసిన స్కాట్లాండ్ వేదాంతి జేమ్స్ ఆర్, భూమి మహాప్రాచీనమన్న భూగర్భశాస్త్ర నిర్ణయంతో పోట్లాడలేదు. ఆరు దినాలను గడియారపు గంటలతో కొలిచి, శిలల పొరలన్నిటినీ ఒక్క జలప్రళయానికే అప్పగించే ధోరణి ఎడ్వెంటిస్టు రచయిత జార్జ్ మెక్‌క్రీడీ ప్రైస్ రచనల్లో రూపుదిద్దుకొని, 1961లో అమెరికాలో వచ్చిన ఒక పుస్తకం తరువాతనే సువార్తిక సంఘాల్లో బలంగా నాటుకుంది. 1882లో జర్మనీలోని బ్రెక్లం నుంచి లూథరన్ మిషనరీలు ఈ ప్రాంతానికి బయలుదేరి వచ్చిన నాటికి ఆ ఉద్యమం పుట్టనే లేదు.

ఇక లేఖనాల దోషరహితత్వంపై సువార్తిక నాయకులు చేసిన, అందరూ ప్రమాణంగా చూపే 1978 నాటి షికాగో ప్రకటన సంగతి. సృష్టి గురించీ జలప్రళయం గురించీ లేఖనం బోధించేదాన్ని భూచరిత్రపై శాస్త్ర ఊహలతో తోసిపుచ్చరాదని అది స్పష్టంగానే చెబుతుంది. కానీ ఆ వెంటనే, లేఖనాన్ని దాని వాడుకకూ ఉద్దేశానికీ పరాయివైన కొలమానాలతో కొలవరాదనీ, ఆధునిక సాంకేతిక ఖచ్చితత్వం లేకపోవడం, ప్రకృతిని కంటికి కనిపించినట్టు వర్ణించడం, ఉజ్జాయింపు అంకెలు వాడడం దోషాలు కావనీ అదే గట్టిగా అంటుంది. సాహిత్య రూపాలను గమనించి అర్థం చెప్పాలని ఆదేశిస్తుంది. భూమి వయస్సు గురించి అందులో ఒక్క అంకె లేదు. ఆ ప్రకటనను చేతబట్టుకొని ఆరు వేల ఏళ్లు బోధించేవారు దాన్ని పూర్తిగా చదవడం అవసరం.

అసలు వాదం ఇక్కడ మొదలవుతుంది. 'భూమి యెన్నటికిని కదలకుండునట్లు ఆయన దానిని పునాదులమీద స్థిరపరచెను' అని 104వ కీర్తన అంటుంది. సూర్యుడు ఉదయించి, అస్తమించి, తాను ఉదయించు స్థలానికి త్వరపడునని ప్రసంగి మొదటి అధ్యాయం అంటుంది. గిబియోనులో నిలువుమని యెహోషువ ఆజ్ఞాపించింది సూర్యుణ్ణి. ఈ వాక్యాలను ఉన్నదున్నట్టు చదివినవారు భూమి కదలదన్నారు. కాదన్న గెలీలియోను 1633లో విచారణకు నిలబెట్టి శిక్షించారు. నేడు గజపతి జిల్లాలోనో కొరాపుట్ జిల్లాలోనో భూమి కదలదని బోధించే పాస్టరుగారు ఒక్కరైనా ఉన్నారా? లేరు. ఆ కీర్తన అబద్ధమనే పాస్టరుగారూ లేరు. కీర్తనకారుడు చెప్పదలచింది భూమి గతి గురించి కాదనీ, భూమిని నిలిపినవాడు నమ్మదగినవాడనే విషయమనీ మనమందరం, పెద్దగా ఆలోచించకుండానే, ఒప్పేసుకున్నాం. ఆవగింజ విత్తనాలన్నిటిలో చిన్నదని ప్రభువు చెప్పినప్పుడు, అంతకంటె చిన్న విత్తనాలున్న మొక్కలు తెలిసి కూడా ఎవరి విశ్వాసమూ చలించదు. ఆయన వృక్షశాస్త్రం చెప్పడం లేదు, దేవుని రాజ్యం గురించి చెబుతున్నాడు. ఇది సరైన వ్యాఖ్యాన సూత్రమైతే ఆదికాండము మొదటి అధ్యాయపు గుమ్మం దగ్గర దాన్ని ఎందుకు వదిలిపెట్టాలి? భూమి తిరుగుతుందన్న కోపర్నికస్‌కు ఒక న్యాయం, డార్విన్‌కు ఒక న్యాయం అనే పద్ధతికి లేఖనాల్లో ఆధారం ఎక్కడుంది? దీనికి నేరుగా జవాబు చెప్పిన ఆరు వేల ఏళ్ల వాది నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఈ సూత్రం శాస్త్రవేత్తలకు భయపడి మనం కల్పించుకున్నదీ కాదు. సూర్యుడే లేని మొదటి మూడు దినాలకు ఉదయాస్తమయాలు ఎలా ఉంటాయని మూడవ శతాబ్దంలోనే వేదాంతి ఓరిజెన్ అడిగారు. ఆ దినాలు మన దినాల వంటివి కావని ఐదవ శతాబ్దం తొలినాళ్లలో బిషప్పు అగస్టీను తేల్చారు. ఆకాశాన్ని గురించీ భూమిని గురించీ అవిశ్వాసికి అనుభవంతో తెలిసిన విషయాల్లో క్రైస్తవుడు లేఖనం పేరుతో అర్థం లేని మాటలు చెబితే, ఆ అవిశ్వాసి పునరుత్థానాన్ని మాత్రం ఎలా నమ్ముతాడని ఆయన తీవ్రంగా హెచ్చరించారు. చంద్రుని కంటె శని గ్రహం పెద్దదని ఖగోళజ్ఞులు నిరూపించినా, మోషే సామాన్యులకు కనిపించిన రీతిలో రాశాడని సంస్కర్త కాల్విను 1554 నాటి తన వ్యాఖ్యానంలో వివరించారు. భూమి వయస్సు విషయంలో కాల్విను కూడా తన కాలపు లెక్కనే నమ్మారు, ఆ సంగతి దాచనక్కరలేదు. ఆయన నేర్పిన సూత్రం మాత్రం ఆయన లెక్కను మించి నిలిచింది. పర్లాకిమిడిలో ఈ సూత్రాన్ని వివరించడానికి పెద్ద గ్రంథాలు అక్కర లేదు. అదే ఊళ్లో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తిగారు సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు తయారుచేశారు. ఆయన తన పాండిత్యాన్ని తగ్గించుకోలేదు, అబద్ధమూ చెప్పలేదు. వినేవాడు నిలబడిన చోటికి నడిచి వెళ్లారు. దేవుడు మానవులతో మాట్లాడిన తీరు అటువంటిది.

అయితే ఆదికాండము మొదటి అధ్యాయం ఏం చెబుతోంది? భూమి నిరాకారంగాను శూన్యంగాను ఉండెనని చెప్పి, మొదటి మూడు దినాల్లో దానికి ఆకారం, తరువాతి మూడు దినాల్లో నిండుదనం ఇస్తుంది. మొదటి దినపు వెలుగుకు నాలుగో దినపు జ్యోతులు, రెండో దినపు ఆకాశజలాలకు ఐదో దినపు పక్షులు, చేపలు, మూడో దినపు ఆరిన నేలకు ఆరో దినపు జంతువులు, మనుష్యులు జోడుగా వస్తాయి. ఇది దినచర్య పుస్తకం రాసే పద్ధతి కానేకాదు. చుట్టుపక్కల జాతులన్నీ సూర్యుణ్ణి, చంద్రుణ్ణి దేవతలుగా కొలిచే కాలంలో, బబులోను చెరలో కూడా ఇశ్రాయేలు చేతబట్టుకొన్న ఈ అధ్యాయం సూర్యుణ్ణి నాలుగో దినం వరకు ఆపి, పగటికి వెలుగు ఇమ్మని పనిలో పెట్టిన ఒక దీపంగా నిలబెట్టింది. ఢిల్లీలోనో లండన్‌లోనో చదివేవారికి ఇది పురాతన సాహిత్య విశేషంగా తోచవచ్చు. మన కొండల్లో అది నేటి విషయం. సవరల పూజల్లో సూర్యునికి స్థానముంది. కొందు గిరిజనులు ధరణిని తల్లిగా కొలుస్తారు. ఆ పెద్దల భక్తిని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ ఇళ్లలో పుట్టి క్రీస్తును వెంబడించినవారికి ఆదికాండము చెప్పిన కబురు భూమి వయస్సు గురించి కాదు. సూర్యుడు, భూమి, అడవి, వాన అన్నీ ఒకే సృష్టికర్త చేతిపని అనీ, వాటికి భయపడనక్కరలేదనీ అది చెప్పింది. అంతకంటె పెద్ద కబురు ఆరో దినాన ఉంది. రాజు మాత్రమే దేవుని ప్రతిరూపమని చెప్పుకొన్న లోకంలో, స్త్రీనిగాను పురుషునిగాను ప్రతి మనిషినీ దేవుడు తన స్వరూపమందు సృజించెనని అది ప్రకటించింది. ఊరి బావి దగ్గరికి రానివ్వని కులాలవారికి, సంతలో మోసపోతూ వచ్చిన కొండవారికి ఆ ఒక్క వాక్యం ఇచ్చిన నిటారుతనాన్ని ఏ భూగర్భశాస్త్రమూ ఇవ్వలేదు, తీసివేయనూ లేదు. ఇంతటి అధ్యాయాన్ని డైనోసార్ల తగాదాకు కుదించడం నాకు కోపం కంటె ఎక్కువగా దుఃఖం కలిగిస్తుంది.

శిలల సాక్ష్యం సంగతి కూడా చూడాలి. మన తూర్పు కనుమల్లో విస్తారంగా దొరికే ఖొండలైటు అనే రాయికి 1902లో కొందుల పేరు మీదుగానే ఆ పేరు పెట్టారు. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న మట్టి, ఇసుక భూగర్భంలో కిలోమీటర్ల లోతుకు దిగి, తీవ్రమైన వేడికి మారిపోయి ఈ రాయి అయింది. ఆ మార్పు జరిగి దాదాపు వంద కోట్ల ఏళ్లయిందని అందులోని జిర్కాన్ అనే ఖనిజపు రేణువుల్లో యురేనియం సీసంగా మారిన నిష్పత్తిని బట్టి లెక్క కట్టారు. అదే రాయి మీద ఎడతెగని వానలు లక్షల ఏళ్లపాటు కురిసి, కరగగలిగినదంతా కొట్టుకుపోగా మిగిలినదే దామన్‌జోడి దగ్గర తవ్వుతున్న బాక్సైటు. ఆ గనుల వేతనంతో బతికే విశ్వాస కుటుంబాలు ఆదివారం నాడు ఆ కొండ వయస్సు ఆరు వేల ఏళ్లని వినవలసి రావడం న్యాయం కాదు. 'ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి' అని 19వ కీర్తన అంటున్నప్పుడు, ఆ చేతిపని తన గురించి తాను చెప్పే మాటను అబద్ధమనడం ఏ రకమైన భక్తి?

ఆదామును ముట్టుకుంటే, అతని ద్వారా పాపం లోకంలోకి వచ్చిందని చెప్పే పౌలు రోమీయుల పత్రిక ఐదవ అధ్యాయం కూలుతుందనీ, సృష్టి దినాలు సాహిత్యమైతే ఖాళీ సమాధి కూడా సాహిత్యమే అవుతుందనీ ఎదుటివారు అంటారు. ఇది తేలిక వాదం కాదు. ఆదాము విషయంలో విశ్వాసులైన పండితులే భిన్నంగా ఆలోచిస్తున్నారు, అక్కడ నేనూ తొందరపడను. పునరుత్థానం సంగతి వేరు. లూకా తన సువార్తను కన్నులార చూచినవారి మాటతో, మొదటి నుంచి తరచి తెలుసుకొని రాస్తున్నానని మొదలుపెట్టాడు. లేచిన క్రీస్తును ఐదువందలకు ఎక్కువమంది చూశారనీ, వారిలో అనేకులు ఇంకా బతికే ఉన్నారనీ పౌలు కొరింథీయులకు రాశాడు. సాక్షులను పిలిచే రచన, స్తుతిగీతంలా జోడు జోడుగా సాగే రచన ఒకటి కావు. ఆ తేడాను లేఖనమే చూపుతోంది.

ఈ పొరపాటు భూమి వయస్సు దగ్గరే ఆగితే నేను ఇంత దూరం రాసేవాణ్ణి కాదు. లేఖనం ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబును మరో ప్రశ్నకు అతికించే అలవాటు జ్వరం మంచం దగ్గరికి కూడా వస్తోంది. మీలో ఎవడైనను రోగియై యున్నాడా, సంఘపు పెద్దలను పిలిపింపవలెను అని యాకోబు రాసినదాన్ని పట్టుకొని, మాత్రలు మింగడం అవిశ్వాసమని నేర్పే ప్రార్థన కూటాలున్నాయి. ఈ కొండ జిల్లాల్లో ప్రధానంగా కనిపించే ఫాల్సిపారం మలేరియా మెదడుకు ఎక్కితే రోజుల్లో ప్రాణం తీస్తుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో కనిపెట్టినప్పుడు ఆయన అందులో దేవుని చేతిని చూసి కవిత రాసుకున్నాడు. యాకోబు చెప్పిన నూనె, ప్రార్థనలు వైద్యానికి పోటీ కావు. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడే. కెనడియన్ బాప్టిస్టులు సవర కొండల్లోని సెరంగోలో ఆసుపత్రి పెట్టింది, 1954లో బిస్సంకటక్‌లో డానిష్ వైద్యురాలు వైద్యసేవ మొదలుపెట్టింది బైబిలును తక్కువగా నమ్మినందువల్ల కాదు. రక్తపరీక్షకూ ప్రార్థనకూ మధ్య వారికి తగవు కనిపించలేదు.

కాబట్టి మన సంఘాలను నడిపే సినడ్లనూ అసోసియేషన్లనూ నేను అడిగేది స్పష్టంగా చెబుతాను. పాస్టర్ల శిక్షణలో ఆదికాండము బోధించేటప్పుడు అగస్టీను, కాల్విను, వార్‌ఫీల్డ్ ఏమన్నారో చదివించాలి. మన సంఘాల్లోనే ఉన్న భూగర్భశాస్త్ర అధ్యాపకులను, గని ఇంజనీర్లను, నర్సులను యువజన కూటాల్లో మాట్లాడనివ్వాలి. వి.బి.ఎస్. పాఠాలు ఏ దేశంలో, ఏ వాదం కోసం తయారయ్యాయో చూడకుండా అనువదించి పంచడం ఆపాలి. స్వస్థత సభకు మైకు ఇచ్చే ముందు ఆ బోధకుడు మందులు మానమంటాడో లేదో సంఘపెద్దలు కనుక్కోవాలి; మానమనేవాడికి వేదిక ఇవ్వకూడదు.