గ్యాసు అయిపోనాది బాబూ!

ఫ్రిజ్‌కి వచ్చే జబ్బు ఒక్కటేనని మన శ్రీకాకుళంలో ఎప్పుడో తేలిపోయింది. పాలు విరిగాయా? గ్యాసు. కింద నీళ్లు కారుతున్నాయా? గ్యాసు. లోపల లైటు వెలగడం లేదా? అదీ గ్యాసే. రాత్రిపూట గురగురమంటోందా? గ్యాసే, కాకపోతే ఈసారి ఎక్కువైంది. ఇంత పెద్ద శాస్త్రాన్ని ఒక్క ముక్కలోకి కుదించిన ఘనత మన మెకానిక్కులకే దక్కాలి. ఏడు రోడ్ల జంక్షన్‌లో నిలబడి, మీకు నచ్చిన రోడ్డు పట్టుకుని వెళ్లి, మీకు దొరికిన మెకానిక్కుని పిలుచుకురండి. ఏ రోడ్డులోంచి వచ్చినవాడైనా చెప్పేది ఒకటే: "గ్యాసు అయిపోనాది బాబూ."

ఆ పరీక్ష చేసే తీరు చూసి తీరాలి. తెచ్చిన సంచి గుమ్మం దగ్గరే ఉంటుంది, విప్పడు. ఫ్రీజర్ తలుపు తీసి, లోపల అరచెయ్యి ఆనించి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకుంటాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తారు. మీటరు పెట్టడు. ప్లగ్గు వైపు చూడడు. వెనక్కి వెళ్లి కంప్రెసర్ తిరుగుతోందో లేదో చెవి పెట్టి వినడు. కళ్లు తెరుస్తాడు, తీర్పు చెప్పేస్తాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

ఒక్కోసారి ఇంటావిడ ధైర్యం చేసి అడుగుతుంది. "మొన్న సంక్రాంతికే కదా బాబూ పట్టించాం, అప్పుడే ఎలా అయిపోనాది?" దానికీ జవాబు సిద్ధంగా ఉంటుంది. "పిల్లలు ఊరికే డోర్ తీస్తన్నారు కదమ్మా. తీసినప్పుడల్లా కొంచెం కొంచెం పోతాది."

ఇక చూడండి ఆ ఇంట్లో గ్యాసు పొదుపు ఉద్యమం. ఫ్రిజ్ ముందు స్టూలు వేసి నానమ్మని కూర్చోబెడతారు. పిల్లలకి చల్లనీళ్లు బంద్. పొద్దున్న ఏడింటికి ఒకే ఒక్కసారి తలుపు తీసి, పాలు, పెరుగు, కూరలు, ఇడ్లీ పిండి, నిన్నటి చేపల పులుసు అన్నీ ఒక్క ఊపున బయటికి తెచ్చి బల్ల మీద పెట్టేసి తలుపు మూసేస్తారు. మధ్యాహ్నానికి పాలు విరుగుతాయి, పిండి పొంగి బల్ల మీదికి దిగుతుంది, పులుసు గురించి చెప్పకపోవడమే మంచిది. కానీ గ్యాసు మాత్రం మిగిలింది! క్యాలెండర్‌లో వంట గ్యాసు బండ మార్చిన తేదీ పక్కనే ఫ్రిజ్ గ్యాసు పట్టించిన తేదీ కూడా రాసి, సున్నా చుడతారు. మేడ మీది మావయ్యగారు దిగివచ్చి, ముక్కు ఎగబీల్చి, వాసన రావడం లేదు కాబట్టి మొత్తం అయిపోయినట్టేనని ధ్రువీకరిస్తారు. ఏడాదికి 3 వంట గ్యాసు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం 2 పథకం 2024 నవంబరు 1న మొదలైంది మన జిల్లాలోనే, ఈదుపురంలో. అధికారులకు నా మనవి ఏమిటంటే, ఫ్రిజ్ గ్యాసుని కూడా దయచేసి అందులో చేర్చండి. జిల్లా ప్రజలు వంటకంటే దీనికే ఎక్కువ వాడుతున్నారు.

అసలు సంగతేమిటంటే, ఫ్రిజ్‌లో గ్యాసు ఖర్చయ్యేది కాదు. సీలు వేసిన గొట్టంలో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కితే వేడెక్కి వెనకాల కాయిల్లోకి వెళ్తుంది. అక్కడ వేడి వదిలి ద్రవమవుతుంది. సన్నటి క్యాపిలరీ గొట్టంలోంచి ఫ్రీజర్‌లోకి వచ్చి మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడి లాక్కుంటుంది. కొన్నరోజు ఎంత ఉందో పదిహేనేళ్లకీ అంతే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడింది. మనమే చాకు పెట్టి ఫ్రీజర్‌లో ఐసు పొడిచి చేసిన చిల్లు కావచ్చు, కళింగపట్నం లాంటి సముద్రపు ఒడ్డున ఉప్పుగాలికి గొట్టం తుప్పు పట్టీ కావచ్చు. చిల్లు వెతక్కుండా గ్యాసు ఎక్కిస్తే అది కూడా అదే దారిన పోతుంది. మెకానిక్కుకి కావాల్సిందీ అదేనేమో.

"మరి గ్యాసు పట్టాక బాగానే పనిచేసింది కదా" అనేవాళ్లున్నారు. పనిచేస్తుంది. ఎందుకంటే మెకానిక్ తన డబ్బా బిగించడానికి ఫ్రిజ్‌ని గోడ దగ్గర్నుంచి ముందుకి లాగాడు. కాయిల్ మీద ఉన్న అరంగుళం బూజు అతని చొక్కాకి అంటుకుని పోయింది. కాయిల్‌కి గాలి తగిలింది, వేడి బయటికి పోయింది, ఫ్రిజ్ చల్లబడింది. వారం తిరక్కుండా మనవాళ్లు నడవడానికి అడ్డమొస్తోందని మళ్లీ గోడకి నెట్టేస్తారు, వెనకాల ఖాళీలో బియ్యం సంచి దోపుతారు. కూలింగ్ తగ్గుతుంది. గ్యాసు అయిపోతుంది!

మరి పిలిచేముందు మనం చూడవలసింది ఏమైనా ఉందా అంటే, చిన్నపిల్లలు కూడా చెయ్యగలిగిన పనులే. డోర్ రబ్బరు మధ్యలో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. జారి వచ్చేసిందంటే చల్లదనం అక్కడే పోతోంది. సబ్బునీళ్లతో రబ్బరు మడతలు తుడవండి, చిరిగితే మార్పించండి. లోపల నాబ్ మీద అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది, ఏసీలో డిగ్రీల్లాగా తగ్గించకండి. ఫ్రాస్ట్ ఫ్రీ (ఐసు గడ్డకట్టని) ఫ్రిజ్ అడుగున నీళ్లు చేరితే లోపల నీళ్లు పోయే చిన్న కన్నం మూసుకుపోయి ఉండొచ్చు, అది చేతికి అందితే గోరువెచ్చటి నీళ్లు పోసి చూడండి. పక్క గోడలు వెచ్చగా ఉంటే కంగారు పడకండి, కొన్ని మోడళ్లలో కాయిల్ ఆ గోడల్లోనే ఉంటుంది. కంప్రెసర్ మూలిగి, టక్కుమని ఆగిపోతుంటే ముందు ఓల్టేజీ చూడాలి, తర్వాత రిలే, అంటే కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే చిన్న స్విచ్చి, చూడాలి; ఈ రెండూ మాత్రం పిల్లల పని కాదు, మెకానిక్ పని. కరెంటు పోయి వచ్చాక మూడు నిమిషాలు ఆగి వెయ్యాలి, గొట్టాల్లో ఒత్తిడి సర్దుకునేదాకా కంప్రెసర్ మీద భారం పడకూడదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి వెళ్లాక పలాస వైపు ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు కదా. అప్పుడు కూడా ఒకాయన నాతో అన్నాడు, ఫ్రిజ్ ఆగి ఉన్నన్నాళ్లూ లోపల గ్యాసు ఆవిరైపోద్దని. తుఫానుకి కొబ్బరిచెట్లు పోయాయని అనుకున్నాం, గ్యాసు నష్టం లెక్కలోకి రానేలేదు పాపం.

ఇంతవరకు నవ్వొస్తుంది. మా వీధి చివర ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ సంగతి చెబుతాను, నవ్వండి చూద్దాం. నెలకి 4,000 రూపాయల వితంతు పింఛనే ఆవిడ ఆధారం. షుగరు ఉంది, ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో ఉంటాయి. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకే వేసవిలో రెండుసార్లు గ్యాసు పట్టాడు ఒకడు, రెండుసార్లూ పింఛనులో సగానికి పైగా పట్టుకుపోయాడు. ఆవిడ సూది వేసుకుంటూనే ఉంది, షుగరు దిగలేదు, డాక్టరు డోసు పెంచాడు. ఇన్సులిన్ ఎక్కడ పెడుతున్నావమ్మా అని అడిగినవాడు లేడు. అసలు లోపం ఏమిటి? తలుపు కింది వైపు రబ్బరు చిరిగి వేలాడుతోంది! మోకాళ్ల మీద కూర్చుని చూస్తే కంటికి కనిపించేది. వాడు చూడలేదా? చూశాడు, నాకు అనుమానమే లేదు. రబ్బరు మారిస్తే ఎంత మిగులుతుంది వాడికి? ముసలావిడ మందు ఎండలో పెట్టినట్టు ఉడికిపోతుంటే, ఆవిడ చేతిలోంచి నోట్లు లెక్కపెట్టి తీసుకుని, "ఇంక రెండేళ్లు చూడక్కర్లేదమ్మా" అని చెప్పి వెళ్లాడు. దీన్ని రిపేరు అనకండి. దొంగతనం అనండి. దొంగ రాత్రి వస్తాడు కాబట్టి వాడికి కనీసం సిగ్గుందనుకోవాలి.

పని తెలిసినవాళ్లు మన ఊళ్లో లేరని కాదు. ఉన్నారు. వచ్చి, మీటరు పెట్టి, రిలే మార్చి, రెండొందలు తీసుకుని పోతారు. వాళ్లని మనమే రెండోసారి పిలవం. గ్యాసు పట్టనివాడు మెకానిక్కేనా?

లీకు నిజమే అనుకోండి. అప్పుడు పని పెద్దదే. చిల్లు వెతికి అతకాలి, ఫిల్టరు కొత్తది వెయ్యాలి, గొట్టంలో గాలి, తేమ లేకుండా పంపుతో వ్యాక్యూమ్ తియ్యాలి, ఆ తర్వాతే గ్యాసు. అదీ ఫ్రిజ్ వెనక స్టిక్కరు మీద ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అని రాసి ఉందో, అదే, అన్నే గ్రాములు. ఇప్పుడొచ్చే ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండేది ఆర్-600ఎ. అది ఐసోబ్యూటేన్, మంటంటుకునే గ్యాసు. అందుకే స్టిక్కరు మీద మంట బొమ్మ ఉంటుంది. చాలా ఫ్రిజ్‌లలో అది వంద గ్రాములు కూడా ఉండదు. కొంచెం ఎక్కువైనా, తక్కువైనా కూలింగ్ చెడుతుంది. కాబట్టి తూకం మిషను లేకుండా చెయ్యకూడని పని. మనవాళ్లు పొయ్యి పక్కనే గ్యాసు టార్చి వెలిగించి, గొట్టం చేత్తో తడిమి, "చల్లబడతంది, చాల్లే" అని ఆపేస్తారు.

కిందటి వేసవిలో పక్కింటికి వచ్చినవాణ్ణి ఆ మాటే అడిగాను, తూకం మిషను తెచ్చావా బాబూ అని. నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, పక్కింటాయన వైపు తిరిగి అన్నాడు: "తూకమేటండీ, నానేటి సేపలమ్ముతన్నానా?"