కలిశానా, కలిపానా

మొన్న ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం అయ్యాక పిల్లల చేత తెలుగులో మాట్లాడించాం. మా తెలుగు బడి పాప, తొమ్మిదేళ్లది, మైకు ముందుకొచ్చి "సెలవుల్లో ఇండియా వెళ్లి మా అమ్మమ్మను కలిపాను" అంది. హాలంతా గొల్లుమంది. ముందు వరసలోంచి ఎవరో "దేంట్లో కలిపావమ్మా, చారులోనా పప్పులోనా?" అని అరిచారు. పాప చేతిలోని కాగితాన్ని నలిపేసి, మిగతాది చదవకుండానే దిగిపోయింది.

ఆ కాగితం దిద్ది ఇచ్చింది నేనే. అందులో "కలిశాను" అనే ఉంది. మరి టెన్షన్‌లో "కలిపాను" అని ఎందుకొచ్చింది? ఇంట్లో రోజూ వినేది అదే కాబట్టి. "అన్నం కలిపాను, రా", "పాలలో చక్కెర కలిపాను, తాగు". "కలిశాం" అన్న మాట ఎక్కడ వింటుంది? "నిన్న వాళ్లని మీట్ అయ్యాం", "శనివారం మీట్ అవుదాం" అంటాం మనం. నేనూ అంటాను. చెవిన పడని మాట నోట ఎలా వస్తుంది?

మనంతట మనం కలిస్తే కలిశాం, ఒకదాన్ని ఇంకోదానితో కలిపితే కలిపాం. తడిశాను, తడిపాను, తెలిసింది, తెలిపాను... ఇదే వరస. తెలుగులోనే పుట్టి పెరిగిన మనకు ఇది వ్యాకరణమని కూడా తోచదు. ఆ పిల్లకు మాత్రం ఒక్క అక్షరం తేడా. పైగా ఈ మాటకు ఎంత బలగముందో చూడండి. మాట కలుపుతాం, గొంతు కలుపుతాం, వరస కలుపుతాం. కాలం కలిసొస్తుంది. నలుగురితో ఇట్టే కలిసిపోయేవాళ్లను కలుపుగోలు మనుషులంటాం. అదే కలుపు చేలో పెరిగితే పీకి పారేస్తాం!

తప్పును దిద్దొద్దని నేను అనను. భాష పోతోందన్న పెద్దల బెంగ నిజమైనదే, నాకూ ఉంది. కానీ ఆ నవ్వుతో ఏం నిలబెట్టాం? మొన్న ఆదివారం పాప బడికొచ్చి వెనక బల్ల మీద కూర్చుంది. ఏమడిగినా ఇంగ్లిషులోనే జవాబు.

దీపావళికి ఆ పిల్లకు మళ్లీ మైకు ఇద్దాం. ఈలోగా ఇంట్లో "మీట్ అయ్యాం" మానేసి "కలిశాం" అందాం. మళ్లీ తడబడితే, దయచేసి ముందు వరసలోంచి ఇలా అడగండి: "అమ్మమ్మను కలిశావా తల్లీ? నిన్ను చూసి ఏమంది?"