బంతి చప్పుడుతో వచ్చిన 10.4

డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతూ ఇరవై ఏళ్లు దాటింది, అందులో ఎక్కువ కాలం కావలిలోనే. కాలేజీల్లో టెక్నాలజీ పేరుతో జరుగుతున్న దాని గురించి ఒక మాట చెప్పాలని చాలా రోజులుగా ఉంది.

రెండేళ్ల కిందట మా క్లాసు గోడకు పెద్ద డిజిటల్ తెర, ప్యానెల్ అంటారే, అది బిగించారు. నాకు నిజంగా సంతోషం వేసింది. తరంగాలు కదులుతుంటే చూపించవచ్చు కదా అనుకున్నాను. నెల తిరిగేసరికి పిల్లలు రాసుకోవడం మానేశారు. నల్లబోర్డు మీద నేను లెక్క చేస్తూ పొరపాటు పడితే, "సార్, అక్కడ మైనస్ రావాల" అని వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు అనేవారు. ప్యానెల్ మీద అన్నీ ముందే సరిగ్గా రాసి ఉంటాయి. చూస్తారు, "పీపీటీ గ్రూపులో పెట్టండి సార్" అంటారు, వెళ్లిపోతారు. మమ్మల్ని అడిగేది కూడా డిజిటల్ క్లాసు జరిగినట్టు ఫోటోలే. పిల్లలకు ఏం అర్థమైందని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ల్యాబ్ పరిస్థితి ఇంకా బాధ. లోలకం ప్రయోగం చేస్తే గురుత్వ త్వరణం అందరికీ సెంటీమీటర్ల లెక్కలో 980కి (మీటర్లలో 9.8) అటూ ఇటూగానే వస్తుంది. రాకపోతే రప్పిస్తారు. జవాబు ముందే తెలుసు కాబట్టి వెనక నుంచి లెక్క కట్టి రికార్డులో రాస్తారు. మేమూ సంతకం పెడతాం. నేనూ పెట్టాను, ఎన్నో ఏళ్లు.

పోయిన ఏడాది ఫైఫాక్స్ అనే యాప్ వాడి చూశాను. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో విడుదల చేశారు, ఉచితం. ఫోన్లోని మైకు, సెన్సర్లే అందులో పరికరాలు. మీటరు ఎత్తు నుంచి బంతి కింద పడటానికి అర సెకను కూడా పట్టదు. స్టాప్ క్లాక్ నొక్కేలోపే పడిపోతుంది. ఈ యాప్‌లో చప్పుడుతో నడిచే గడియారం ఉంది. బల్ల అంచున స్కేలు పెట్టి, దాని మీద బంతి ఉంచి, స్కేలును కర్రతో పక్కకు కొడితే ఆ చప్పుడుకు గడియారం మొదలవుతుంది. బంతి నేలను తాకిన చప్పుడుకు ఆగుతుంది.

మొదటి రోజు గోల గోల. ఫ్యాన్ శబ్దానికి ఒకసారి, బెంచీ జరిపితే ఒకసారి గడియారం దానంతటదే మొదలైంది. ఫ్యాన్లు ఆపాం, చెమటలు కారుతున్నా ఎవరూ కదల్లేదు. ఒక గుంపుకు 0.452 సెకన్లు వచ్చింది. ఎత్తు, సమయం పెట్టి లెక్క కడితే గురుత్వ త్వరణం మీటర్లలో 10.4. మళ్లీ చేశారు, మళ్లీ అంతే. "సార్, ఇదేంది, 9.8 రావాల కదా?" అన్నారు. నేను చెప్పలేదు. పావుగంట తర్వాత ఒక అమ్మాయి టెన్నిస్ బంతిని చేతిలో తిప్పుతూ, "సార్, మనం బంతి పైఅంచు నుంచి కొలిచాం. నేలను తాకేది కిందిఅంచు కదా!" అంది. కొలిచింది 106.5 సెంటీమీటర్లు, నిజంగా పడింది 100. సరిచేస్తే 9.8 వచ్చింది. ఆ రికార్డులో 10.4ను కొట్టేయకుండా, ఎందుకు వచ్చిందో కూడా రాయమన్నాను. ఇన్నేళ్లలో నేను అంత ఇష్టంగా సంతకం పెట్టిన రికార్డు అదే.

ఆ అమ్మాయికి సొంత ఫోన్ లేదు. తీరం వైపు ఊరు, ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ నాన్నతో పాటు వేటకు వెళుతుంది. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఫోన్ ఇంట్లో ఉండేది ఆ రోజుల్లోనే. మాకు వేసవి సెలవులూ అప్పుడే. ఫోన్ ఉన్నవాళ్లలోనూ చాలామందివి గైరోస్కోప్ (ఫోన్ ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచే సెన్సర్) లేని చవక ఫోన్లు. ఆ యాప్‌లో లోలకం ప్రయోగానికి అది కావాలి. అందుకే నేను చప్పుడు గడియారం ఎంచుకున్నాను.

ఇంకో ఇబ్బంది భాష. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. యాప్‌లో 'థ్రెషోల్డ్' అనే మాట దగ్గర సగం మంది ఆగిపోయారు. "ఎంత చప్పుడైతే గడియారం కదలాలో ఆ హద్దు" అని తెలుగులో చెప్పగానే వేళ్లు వాటంతటవే కదిలాయి. తెలుగులో చెబితే స్థాయి తగ్గిపోతుందనేవాళ్లు ఒక్కసారి మా ల్యాబ్‌కు రావాలి.

ఒక పెద్ద ప్యానెల్‌కు పెట్టే డబ్బుతో ఇంచుమించు పది మామూలు ఫోన్లు కొనవచ్చు. వాటిని ల్యాబ్ బీరువాలో, స్క్రూగేజీల పక్కన పెట్టమని అడుగుతున్నాను. ప్రయోగం అయ్యాక మళ్లీ బీరువాలోకే వెళతాయి. "కాలేజీలో ఫోన్లేంటి, పిల్లలు పాడైపోతారు" అన్నారు పైవాళ్లు. అర్జీ మళ్లీ రాస్తాను.

అప్పటిదాకా ఆగలేను. వచ్చే నెల స్ప్రింగ్ ప్రయోగం ఉంది. కావలి, బిట్రగుంట, ఉలవపాడు వైపు మీలో ఎవరింట్లోనైనా వాడకుండా పక్కన పెట్టిన ఫోన్ ఉంటే, తెర మీద గీతలున్నా పరవాలేదు, సిమ్ అక్కర్లేదు, ఛార్జింగ్ నిలిస్తే చాలు. నాకు మెసేజ్ పెట్టండి, నేనే వచ్చి తీసుకుంటాను.