బ్రెజిల్ చెరకు తోట బొమ్మ గారికి, దూరపు కొండల విషయమై

మహారాజశ్రీ బ్రెజిల్ చెరకు తోట ప్రకృతి చిత్రం గారి సముఖానికి, మా భోజనాల బల్ల దగ్గర నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం. తమరి క్షేమం అడగనక్కర్లేదు. మూడున్నర శతాబ్దాలుగా తమరి తోటలో ఎవరికీ ఒక్క చెమట చుక్క అయినా పట్టిన దాఖలా లేదు.

మా అబ్బాయి నెదర్లాండ్స్‌లోని హేగ్ నుంచి వస్తూ, ఫ్రాన్స్ పోస్ట్ అనే డచ్చి చిత్రకారుడు వేసిన తమరిని వెయ్యి ముక్కల జిగ్సా పజిల్ రూపంలో పట్టుకొచ్చాడు. "మనసు ప్రశాంతంగా ఉంటుంది నాన్నా, మీ రక్తపోటుకు మంచిది" అన్నాడు. డబ్బా మీద చూస్తే నిజంగానే ప్రశాంతంగా ఉంది. గుట్ట మీద యజమాని తెల్లటి ఇల్లు, పక్కన చిన్న చర్చి, దిగువన చక్కెర మిల్లు. ముందు వైపు అనాస మొక్క, దాని పక్కన మన అలుగులాంటి పొలుసుల జంతువు, ఆర్మడిల్లో. నిన్న ఆదివారం భోజనం కాగానే కూర్చున్నాను. లేచేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఆ మధ్యలో నేను సాధించింది ఒక్కటే, ఆకాశం.

తమరి ఆకాశానికి ఎన్ని ముక్కలో తమరికి తెలుసా? ఆరు వందల పన్నెండు. కసి కొద్దీ లెక్కపెట్టాను. అన్నీ అదే లేత నీలం, అక్కడక్కడా దూదిపింజల్లాంటి మబ్బు. ఒక ముక్కను పదిహేను చోట్ల పెట్టి చూసి, విసిగిపోయి తలకిందులు చేస్తే మొదట పెట్టిన చోటే సరిపోయింది. మా ఆవిడ రెండుసార్లు వచ్చి "ఇంకా ఆకాశంలోనే ఉన్నారా" అని అడిగి వెళ్లింది. పోనీలే, డచ్చివాళ్ల దేశం బల్లపరుపు, వాళ్లకు తల ఎత్తితే ఆకాశం, దించితే ఆకాశం నీడ పడిన కాలువ, ఆ అలవాటు సముద్రం దాటినా పోలేదని సర్దుకున్నాను.

సర్దుకోలేనిది ఆ తర్వాత వచ్చింది. ఆర్మడిల్లోకు పద్నాలుగు ముక్కలు. అనాస మొక్కకు పదకొండు. యజమాని ఇంటికి ఏడు. మిల్లు చుట్టూ తిరుగుతున్న నల్లవాళ్లందరికీ కలిపి, తమరి దయవల్ల, రెండు. అందులో నెత్తిన గంపతో, తెల్లటి లంగాతో నడిచిపోతున్న ఒకామె ఒక్క ముక్కలో ఇమిడిపోయింది. ఇమిడాక ఇంకా సగం జాగా మిగిలింది. ఆ సగంలో బాట వేశారు. మా ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలు తెచ్చి చూశాను. ముఖం లేదు. ఒక గోధుమరంగు చుక్క, దాని మీద ఇంకో చుక్క, అది గంప. అదే అద్దాలతో ఆర్మడిల్లోను చూస్తే పొలుసు పొలుసూ విడివిడిగా కనబడింది, కంట్లో మెరుపుతో సహా.

తమరి జన్మదాత ఫ్రాన్స్ పోస్ట్ గారికి చూపు ఆనదని అనుకోవడానికి వీల్లేదు. 1637లో, బ్రెజిల్‌లో డచ్చివాళ్లు పట్టుకున్న భాగానికి డచ్చి వెస్ట్ ఇండియా కంపెనీ పంపిన గవర్నరు యోహాన్ మౌరిట్స్ వెంట, అక్కడి రెసీఫె రేవులో దిగిన మనిషి. 1644 దాకా అక్కడే ఉన్నాడు. ఆయన గీసిన బ్రెజిల్ జంతువుల బొమ్మలు 34, కొన్నేళ్ల కిందట ఆయన సొంత ఊరు హార్లెంలోని ఒక పాత పత్రాల భాండాగారంలో బయటపడ్డాయి. ఎంత ఓపిక! ఒక్కొక్క జీవిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగి గీసినట్టు ఉన్నాయి. మనిషిని పెద్దగా గీయడం ఆ కాలానికి తెలియదందామంటే, అదే గవర్నరు వెంట వెళ్లిన ఇంకో చిత్రకారుడు ఆల్బర్ట్ ఎక్‌హౌట్ నల్లవాళ్లను, ఆదివాసులను నిలువెత్తున వేశాడు. (అవీ మనుషుల బొమ్మలా, సరుకుల పట్టికా అన్న గొడవ ఉంది. ఆయనకు వేరే ఉత్తరం రాస్తాను.)

అదే 1637లో, అదే గవర్నరు, రెసీఫె నుంచి ఓడలు పంపి పశ్చిమాఫ్రికాలోని ఎల్మినా కోటను పోర్చుగీసుల చేతుల్లోంచి లాక్కున్నాడు. దేనికి? చెరకు మిల్లులకు మనుషులు కావాలి. 1636 నుంచి 1645 లోపల డచ్చివాళ్లు ఆఫ్రికా నుంచి తెచ్చి రెసీఫెలో అమ్మిన బానిసలు సుమారు 23 వేల మంది. పోస్ట్ గారు అప్పుడు అదే ఊళ్లో కుంచె కడుక్కుంటున్నారు. ఇరవై మూడు వేల మంది! నా పజిల్‌లో రెండు ముక్కలు!

మనకో సామెత ఉంది, దూరపు కొండలు నునుపు అని. మేం దాన్ని హెచ్చరికగా చెప్పుకుంటాం. తమరు దాన్నే వృత్తిగా చేసుకున్నారు. మెట్ట ఎక్కి, అంత దూరంలో పీట వేసుకుని కూర్చుంటే ఏ మిల్లయినా పర్ణశాలలాగే కనబడుతుంది.

అనకాపల్లి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో సంక్రాంతి సెలవుల్లో బెల్లం వండేవారు. పెనం దగ్గర పావుగంట నిలబడితే చొక్కా ఒంటికి అంటుకుపోయేది. పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసే మనిషి కనుబొమలు ఎప్పుడూ కాలి పొట్టిగా ఉండేవి. గానుగ ఆడుతున్నంతసేపూ మా తాతయ్య పిల్లలను రెండు గజాల అవతలే ఆపేవారు. "అది చెరకేదో చెయ్యేదో చూసుకోదు" అనేవారు. సొంత ఊళ్లో, సొంత చేను చెరకు ఆడించుకునే వాళ్ల సంగతి ఇది.

తమరి మిల్లులో మూడు నిలువు రోలర్లు. కోతల కాలం నెలల తరబడి రాత్రీ పగలూ ఆగవు. చెరకు అందించేవాళ్లకు నిద్ర ఉండదు. కునుకు పడితే చెయ్యి రోలర్లలోకి పోతుంది, చెయ్యి వెనకే మనిషి పోతాడు. అందుకని అమెరికా ఖండంలోని కొన్ని చెరకు మిల్లుల్లో పక్కనే ఒక గొడ్డలి పెట్టుకునేవారు. రోలర్లను ఆపడానికి కాదు, చేతిని నరకడానికి. ఆ గొడ్డలి ఏదీ? వెయ్యి ముక్కలూ తిరగేశాను, ఎక్కడ దాచావు? ఆకాశానికి ఆరు వందల పన్నెండు ముక్కలు పెట్టినవాడివి, గొడ్డలికి ఒక్క ముక్క పెట్టలేకపోయావా? పోస్ట్ ఓడ దిగడానికి నాలుగేళ్ల ముందు, 1633లో, ఆంటోనియో వియెరా అనే పాదిరి బ్రెజిల్‌లోనే బహియా అనే చోట ఒక చక్కెర మిల్లులో బానిసలకు ఉపదేశం చేస్తూ అది తీపి నరకమని అన్నాడు. ఆయనేమీ విముక్తి చేయడానికి వెళ్లలేదు, ఓర్చుకోండి, పరలోకంలో ఫలితం ఉంటుందని చెప్పడానికి వెళ్లాడు. అంతటివాడికీ మంటలు కనబడ్డాయి, చప్పుడు వినబడింది. నీకేమో అనాస పండు కనబడింది!

క్షమించాలి, ఏకవచనంలోకి జారాను. మా అబ్బాయి చెప్పిన రక్తపోటు ఇదే.

మిగతావి త్వరగా ముగిస్తాను. తమరి వంశంలో రెసీఫె పక్కనున్న ఒలిండా పట్నం శిథిలాల బొమ్మలు చాలా ఉన్నాయి, పాడుబడిన చర్చి మీద తీగలు పాకి ఎంతో కవితాత్మకంగా ఉంటాయి. ఆ పట్నాన్ని 1631లో తగలబెట్టింది డచ్చివాళ్లే. కొంప కాల్చి, బూడిద అందాన్ని మెచ్చుకోవడం తమరికే చెల్లింది. పోస్ట్ గారు అక్కడ ఉండగా వేసినవాటిలో ఏడు మిగిలాయట. హార్లెం తిరిగివెళ్లాక వేసినవి మాత్రం నూరు దాటాయి. మళ్లీ బ్రెజిల్ ముఖం చూడకుండానే, అదే అనాస, అదే ఆర్మడిల్లో, అటు ఇటు జరిపి. ఎక్కడా కొరత పడనిది ఆకాశం ఒక్కటే. తరువాతి శతాబ్దంలో కరీబియన్ దీవుల్లో ఇలాంటి చిత్రకారులే ఇంకో ఇద్దరు, డొమినికాలో అగస్టీనో బ్రూనియాస్ సంతలో ముస్తాబైన స్త్రీలనే వేశాడు, జమైకాలో జార్జ్ రాబర్ట్‌సన్ తోట యజమాని ఖర్చు మీద వెళ్లి సెలయేళ్లు వేశాడు. తమరి తమ్ముళ్లు, ఏమంటాం. బానిసత్వం రద్దయ్యాక ఆ కరీబియన్ చెరకు తోటలకే మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు ఏ బొమ్మలోనైనా ఉంటే ఎన్నో ముక్కకు వచ్చేవారో.

ఒక్క విషయంలో మాత్రం తమరి మీద నాకు కొంచెం మెత్తదనం కలిగింది. ఆకాశం అయ్యాక, నేల మొదలవకముందు, ఒక వరుస ముక్కలు ఉన్నాయి. నీలం కాదు, పచ్చ కాదు, రెండూ కలిసి కరిగిన రంగు. దూరపు కొండలు. అవి పేరుస్తుంటే చెయ్యి నెమ్మదించింది, చాలా అందంగా వేశాడు. అసలు రెసీఫె ఉన్న ఆ పెర్నాంబుకో ప్రాంతంలో అలాంటి కొండల వెనకే, తీరానికి దూరంగా అడవిలో, పల్మారెస్ ఉండేది. మిల్లుల నుంచి పారిపోయినవాళ్లు కట్టుకున్న ఊళ్లు. పోస్ట్ గారు ఇంటికి ఓడెక్కిన 1644లోనే డచ్చివాళ్లు దాని మీదికి సైన్యం పంపారు. ఊళ్లు చెదిరాయి, మళ్లీ లేచాయి. ఇంకో యాభై ఏళ్లు నిలిచాయి. తెలిసి వేశాడో తెలియక వేశాడో, చక్కెర మిల్లులోంచి తల ఎత్తి చూస్తే కనబడే చోట ఆ నీలం పెట్టాడు. గంప పెట్టుకున్నామె కూడా అటు తిరిగే నడుస్తోంది. ముఖం వేయలేదు కాబట్టి ఎటు చూస్తోందో తమరు ఖాయంగా చెప్పలేరు, నేను ఇలా అనుకుంటే కాదనలేరు.

సాయంత్రం చుట్టాలు వస్తున్నారు, బల్ల ఖాళీ చేయమని మా ఆవిడ మూడోసారి చెప్పింది. ఆకాశాన్ని మోచేత్తో ఒక్క తోపు తోశాను, నిన్నటి కష్టమంతా డబ్బాలో గలగలమంది. ఆర్మడిల్లోను కాస్త జాగ్రత్తగానే తీశాను, పాపం దానిదేం తప్పు. ఇప్పుడు డబ్బాలో తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఉన్నాయి. గంపామె నా కళ్లజోడు పెట్టెలో ఉంది. ఇకమీదట తమరిని పేర్చేవాళ్లు మిల్లు దగ్గర ఒక ముక్క తగ్గిందని డబ్బా దులుపుతారు, సోఫా కింద దేవుతారు. తమరు వాళ్లకు ఏమీ చెప్పవద్దు.

ఇట్లు,
తమరి ఆకాశం పేర్చిన కూలీ