మూడు లైన్లకు తొమ్మిది రోజులా?

బెంగళూరులో మా మారతహళ్లి వైపు ఆఫీసుల్లో పనిని తూచే రాయి ఒక్కటే: కోడ్ లైన్లు. ఆ తూకంలో నేను తొమ్మిది రోజుల జీతం తిని మూడు లైన్లు మార్చిన ద్రోహిని. నేరం ఒప్పుకుంటూ ఇస్తున్న వాంగ్మూలం ఇది.

మా ల్యాబ్‌లో ఒక సర్క్యూట్ బోర్డు రెండు రోజులకోసారి కొయ్యబారిపోయేది. కన్సోల్‌లో ఎంటర్ ఎన్నిసార్లు కొట్టినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. రీసెట్ బటన్ నొక్కడానికి దాని పక్కనే కుర్చీ వేసి, కొత్తగా చేరిన తమ్ముణ్ణి కూర్చోబెట్టారు. మూడు నెలలు నిష్ఠగా నొక్కాడు. అవార్డు ఇచ్చారు. ఆ ఫొటోలో చూపుడువేలు కూడా పడింది.

అసలు రోగం ఇదీ. డ్రైవర్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే కోడ్, ఒక స్పిన్‌లాక్ పట్టుకుంటుంది. ఒకరి చేతిలో ఉంటే, కావలసిన ఇంకొకరు అది దొరికేదాకా అక్కడే తిరుగుతూ కాచుకునే తాళం అది. సరిగ్గా అప్పుడే, ప్రాసెసర్‌లోని అదే కోర్ మీద ఇంటరప్ట్, అంటే 'ఉన్న పని ఆపి ముందు నన్ను చూడు' అనే హార్డ్‌వేర్ పిలుపు, వచ్చి పడుతుంది. ఆ పిలుపు అందుకునే కోడ్‌కీ, అంటే హ్యాండ్లర్‌కీ, అదే లాక్ కావాలి. హ్యాండ్లర్ ముగిస్తే గానీ డ్రైవర్ కదలదు, డ్రైవర్ లాక్ వదిలితే గానీ హ్యాండ్లర్ ముగియదు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. ఇంటరప్ట్ వేరే కోర్ మీద వస్తే మాత్రం గొడవే లేదు, కాసేపు తిరిగి తిరిగి లాక్ దొరకగానే తన పని చూసుకుంటుంది. అందుకే 'నా డెస్క్ మీద బానే ఉంది బ్రో' అన్నవాళ్లెవరూ అబద్ధమాడలేదు.

ఇదంతా మెస్‌లో పప్పు కలుపుకుంటూ మేనేజర్ గారికి వివరించాను. ఆయన ముద్ద మింగి, "అయితే రీసెట్ కరెక్టే కదయ్యా" అన్నారు.

ఇలాంటివి పట్టుకునే లాక్‌డెప్ అనే తనిఖీ సాధనం 2006లోనే, లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) 2.6.18తో వచ్చింది. బోర్డు చావకముందే జాతకం చెబుతుంది. మా బిల్డ్‌లో, అంటే బోర్డులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్‌లో మాత్రం, స్లో అవుతుందని దాన్ని ఆపేశారు. నిజమే, కొయ్యబారిన బోర్డు స్లో అవదు. ఎనిమిదో రోజు రాత్రి ఎవరికీ చెప్పకుండా ఆన్ చేశాను. రెండు నిమిషాలు కాలేదు, 'ఇన్‌కన్సిస్టెంట్ లాక్ స్టేట్', అంటే లాక్ వాడకంలో పొంతన లేదు, అంది. కింద సీపీయూ0 అని రాసి, లాక్, ఇంటరప్ట్, మళ్లీ అదే లాక్, చివర్లో నక్షత్రాల మధ్య డెడ్‌లాక్ అని పటం గీసి మరీ చూపించింది.

మందు చిన్నదే. లాక్ చోట ఇంటరప్ట్‌లను ఆపే ఐఆర్‌క్యూసేవ్, అన్‌లాక్ చోట వాటిని మునుపటి స్థితికి తెచ్చే ఐఆర్‌క్యూరిస్టోర్, పైన ఆ స్థితిని దాచుకోవడానికి ఫ్లాగ్స్ అని ఒక వేరియబుల్. లాక్ చేతిలో ఉన్నంతసేపూ ఆ కోర్‌కి వచ్చే ఇంటరప్ట్‌లు గుమ్మం బయటే ఆగుతాయి. ('ఒక్క నిమిషం బ్రో' అంటూ సీటు దగ్గరికొచ్చేవాళ్లను ఆపే ఫంక్షన్ ఏ కెర్నల్లోనూ లేదు, వెతికాను.)

రివ్యూలో ఒకటే ప్రశ్న, ఈ వ్యాసానికి శీర్షిక అదే. బోర్డు ఆ తర్వాత ఒక్కసారీ ఆగలేదు. దాంతో మూడో రోజుకల్లా తమ్ముడి మొహం వాడిపోయింది.

"అన్నా, మరి నేనేం నొక్కాలి?"

రెండో అంతస్తులో ఇంకో బోర్డు ఉందట. దాంట్లో ఇంకా పాత బిల్డే. నిన్న సాయంత్రం కుర్చీ మోసుకుంటూ మెట్లెక్కుతున్నాడు.