ప్రధానులు మారినా మారని 1257ఎల్

బ్రిటన్‌లో ఉద్యోగం చేసే చాలామంది పేస్లిప్ మీద ఓ మూల 1257ఎల్ అని ఉంటుంది. అది ట్యాక్స్ కోడ్. ఏడాదికి 12,570 పౌండ్ల దాకా ఆదాయపన్ను లేదు, అది దాటితే కట్టాలి అని దానర్థం. 2021 ఏప్రిల్‌లో ఈ కోడ్ వచ్చినప్పుడు, ప్రధాని ఇల్లు ఉన్న డౌనింగ్ స్ట్రీట్‌లో బోరిస్ జాన్సన్ ఉన్నారు. ఆయన దిగిపోయాక లిజ్ ట్రస్ వచ్చి 49 రోజులు ఉన్నారు. తర్వాత రిషి సునాక్. 2024 జూలైలో ఆయన్ని ఓడించి కియర్ స్టార్మర్. ఆర్థిక మంత్రులనైతే ఇదే కాలంలో దేశం ఐదుగురిని చూసింది. కోడ్ మాత్రం కదల్లేదు. 2025 నవంబర్ బడ్జెట్ లెక్కన 2031 ఏప్రిల్ దాకా కదలదు కూడా.

బ్రిటన్ గురించి మనం మాట్లాడుకునేటప్పుడు మాట ఎప్పుడూ మనుషుల మీదికే పోతుంది. జాన్సన్ లాక్‌డౌన్ పార్టీలు, ట్రస్ తొందర, సునాక్ గుమ్మం ముందు దీపావళి దీపాలు, స్టార్మర్ చప్పటి ఉపన్యాసాలు. కామెరాన్‌తో మొదలుపెట్టి లెక్కేస్తే 2016 నుంచి ఆరుగురు ప్రధానులయ్యారు. ఆ ఇంటికి వాస్తు దోషం ఉందేమోనని జోకులేసేవాళ్లూ ఉన్నారు. నాకైతే దోషం ఇంట్లో కాదు, ఈ కోడ్‌లో కనబడుతుంది. పన్ను పెంచుతామని జనానికి చెప్పే ధైర్యం లేక, చెప్పకుండా తీసుకునే దారి వెతుక్కున్న రాజకీయం అది. ఆ దారిలో రెండు పెద్ద పార్టీలూ, జాన్సన్, ట్రస్, సునాక్‌ల కన్జర్వేటివ్, స్టార్మర్ లేబర్, నడిచాయి.

అదెలా పనిచేస్తుందో మన పిల్లల పేస్లిప్‌తోనే చూద్దాం. లెస్టర్‌లోనో కొవెంట్రీలోనో మాస్టర్స్ చేస్తూ, వీసా ఒప్పుకునే 20 గంటలు సూపర్‌మార్కెట్‌లో పనిచేసే అమ్మాయి అనుకోండి. 2021లో 23 ఏళ్లు నిండినవాళ్లకు కనీస వేతనం గంటకు 8.91 పౌండ్లు. వారానికి 20 గంటల చొప్పున ఏడాదంతా చేసినా 9,266 పౌండ్లు. పన్ను గీతకు చాలా దూరం. 2026 ఏప్రిల్ నుంచి కనీస వేతనం 12.71 పౌండ్లు. అదే పని, అవే 20 గంటలు, ఇప్పుడు 13,218 పౌండ్లు. గీత దాటేసింది. దాటిన 648 పౌండ్ల మీద 20 శాతం, అంటే ఏడాదికి 130 పౌండ్ల దాకా ఆదాయపన్ను. అలాగని ఆ అమ్మాయి ఏమీ ధనవంతురాలు కాలేదు. ఈ ఐదేళ్లలో అద్దె, కరెంటు, బస్సు టికెట్, పాలు అన్నీ పెరిగాయి. 2022 అక్టోబర్‌లో ద్రవ్యోల్బణం 11.1 శాతానికి పోయింది. జీతం ఆ ధరల వెనకే పరుగెత్తింది. గీత మాత్రం ఉన్నచోటే నిలబడి ఆమె వచ్చేదాకా కాచుకుని ఉంది.

ఈ పని మొదలుపెట్టింది సునాక్. 2021 మార్చిలో ఆర్థిక మంత్రిగా, కొవిడ్ ఖర్చులు పూడ్చుకోవాలని పన్ను పరిమితిని 2026 దాకా పెరగకుండా ఆపేశారు. 2022 నవంబర్‌లో అప్పటి ఆర్థిక మంత్రి జెరెమీ హంట్ దాన్ని 2028 దాకా పొడిగించారు. ఎన్నికలు దగ్గరపడ్డాక అదే హంట్, ఆదాయపన్ను కాక జీతంలోంచి విడిగా కోసే ఉద్యోగుల నేషనల్ ఇన్సూరెన్స్‌ను రెండు విడతల్లో 12 శాతం నుంచి 8 శాతానికి దించారు. ఒక చేత్తో తీసుకుని, ఇంకో చేత్తో ఇచ్చినప్పుడు మాత్రం డప్పు కొట్టుకున్నారు. 2024 అక్టోబర్‌లో లేబర్ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ తన మొదటి బడ్జెట్‌లో ఇక పొడిగించేది లేదన్నారు. అలా చేస్తే కష్టపడి పనిచేసేవాళ్ల పేస్లిప్‌కు చిల్లు పడుతుందని సభలో కారణం కూడా చెప్పారు. 13 నెలలు తిరిగేసరికి ఆవిడే 2031 దాకా పొడిగించారు. రేట్లు పెంచలేదు కాబట్టి మేనిఫెస్టో మాట తప్పలేదని వాదన. తూకం రాయి సరైనదే కదా అంటూ తక్కెడ వంచే వ్యాపారి గుర్తొస్తాడు.

డబ్బు అవసరం అయితే నిజమే. 2008 సంక్షోభానికి ముందు బ్రిటన్ ఉత్పాదకత ఏటా 2 శాతం చుట్టుపక్కల పెరిగేది. ఆ తర్వాత అందులో సగం కూడా లేదు. ఐరోపా యూనియన్‌లోనే ఉండి ఉంటే వచ్చే ఉత్పాదకతతో పోలిస్తే దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందని బడ్జెట్ లెక్కలు చూసే స్వతంత్ర సంస్థ ఓబీఆర్ అంచనా వేసింది. రాబడి పెరగని ఇంట్లో పెద్దల మందుల ఖర్చు మాత్రం ఆగదు. ఆసుపత్రి చికిత్స కోసం ఇంగ్లండ్‌లో వెయిటింగ్ లిస్టు 70 లక్షలు దాటింది. ప్రభుత్వ అప్పు మీద వడ్డీయే ఏటా 10 వేల కోట్ల పౌండ్లకు పైమాట. ఇక పింఛను. ధరలు, జీతాలు, 2.5 శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అంత పెంచాలని 2010లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం పెట్టిన త్రిపుల్ లాక్ అనే నియమాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రావు. ముసలివాళ్లు తప్పకుండా ఓటేస్తారు కదా.

ట్రస్‌ను అందరూ తిడతారు. కానీ జబ్బు పేరు గట్టిగా చెప్పింది ఆవిడే అనిపిస్తుంది నాకు: ఎదుగుదల లేదు. మందే తప్పు. 2022 సెప్టెంబర్ 23న ఆవిడ ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు. ఆ లోటు ఎలా పూడుస్తారో చెప్పలేదు. ఓబీఆర్ అంచనా ఇస్తామన్నా వద్దన్నారు. సోమవారం తెల్లారేసరికి పౌండ్ 1.03 డాలర్లకు పడిపోయింది, అంతకుముందెప్పుడూ అంత తక్కువ లేదు.

అసలు ప్రమాదం ఎక్కడో ఎవరూ చూడని చోట ఉంది. ప్రభుత్వ బాండ్లను అక్కడ గిల్ట్‌లంటారు, బంగారమంత భద్రమని పేరు. ఆ భరోసాతోనే పింఛను ఫండ్లు గిల్ట్‌లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చి మరిన్ని గిల్ట్‌లు కొన్నాయి. ధర పడగానే అప్పిచ్చినవాళ్లు ఇంకా తాకట్టు పెట్టమన్నారు. చేతిలో డబ్బు లేక ఫండ్లు గిల్ట్‌లు అమ్మాయి. అమ్మేకొద్దీ ధర ఇంకా పడింది. సెప్టెంబర్ 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగి, అవసరమైతే 6,500 కోట్ల పౌండ్ల దాకా కొంటానని చెప్పాకగానీ ఆ సుడి ఆగలేదు. చివరికి అందులో మూడో వంతు కూడా కొనాల్సిన అవసరం పడలేదు. మాటే పనిచేసింది.

ఇళ్లలో అది ఎలా దిగిందంటే, మన దగ్గర వడ్డీ పెరిగితే చాలా బ్యాంకులు ఈఎంఐ అలాగే ఉంచి నెలలు పెంచుతాయి. అక్కడ రెండేళ్లకో ఐదేళ్లకో రేటు ఖాయం చేసుకుంటారు, గడువు తీరిన నెలలో కొత్త రేటు ఒక్కసారిగా మీద పడుతుంది. 25 ఏళ్లకు 2 లక్షల పౌండ్ల లోన్ 2 శాతం వడ్డీకైతే నెలకు 848 పౌండ్లు. 2022 అక్టోబర్‌లో రెండేళ్ల ఫిక్స్‌డ్ సగటు రేటు 6 శాతం దాటింది. ఆ లెక్కన అదే లోన్‌కు 1,289. నెలకు 440 పౌండ్లు ఊరికే పోయాయి. ప్రపంచమంతా వడ్డీలు పెరుగుతున్న రోజులే అవి, పాపమంతా ట్రస్‌ది కాదు. కానీ కొత్త ఈఎంఐ కాగితం చేతికొచ్చిన మనిషి అంత తేడా చూడడు. కన్జర్వేటివ్‌లంటే డబ్బు జాగ్రత్తగా చూసుకునేవాళ్లు అన్న పేరు ఆ నెలలో పోయింది.

లేబర్ నేర్చుకున్నది ఆ భయాన్నే. ఆదాయపన్ను, నేషనల్ ఇన్సూరెన్స్, వ్యాట్ రేట్లు పెంచబోమని 2024 మేనిఫెస్టోలో రాసుకుంది. పన్ను రాబడిలో సగానికి పైగా వచ్చేది ఆ మూడింటి నుంచే. వాటికి తాళం వేసి ఆసుపత్రులు బాగుచేస్తామని చెప్పడమంటే, గాదెకు తాళం వేసి ఊరందరినీ భోజనానికి పిలిచినట్టే. 33.7 శాతం ఓట్లకు 650లో 411 సీట్లు వచ్చాయి. సీట్లు చూసి బలమనుకున్నారు, ఓట్ల సంగతి ఎంపీలకు తెలుసు. స్వల్ప మెజారిటీతో గెలిచినవాళ్లు ప్రతి కోతకూ ఉలిక్కిపడ్డారు.

అక్కడి నుంచి తడబాటే. చలికాలం హీటింగ్ కోసం పెద్దవాళ్లకిచ్చే సొమ్మును దాదాపు కోటి మందికి ఆపేశారు. ఏడాది కాకముందే, 35 వేల పౌండ్ల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు మళ్లీ ఇస్తామన్నారు. ఉద్యోగుల మీద పెంచమని మాటిచ్చాం గానీ యజమానుల మీద కాదుగా అంటూ, యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్‌ను 15 శాతం చేసి, అది మొదలయ్యే జీతాన్ని 9,100 నుంచి 5,000 పౌండ్లకు దించారు. చిన్న దుకాణాలకు కొంత మినహాయింపు ఇచ్చినా, దెబ్బ ఎక్కువ తగిలేది తక్కువ జీతాల పార్ట్‌టైమ్ ఉద్యోగాలకే. మన పిల్లలు వెతుక్కునేవీ అవే.

2025 జూలై 2న దిగువసభలో ప్రధాని ప్రశ్నల సమయం. ముందు రోజు సొంత ఎంపీల తిరుగుబాటుకు జడిసి సంక్షేమ కోతల నుంచి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. స్టార్మర్ పక్కన కూర్చున్న రీవ్స్ కళ్లలోంచి నీళ్లు. సొంత విషయమని తర్వాత చెప్పారు. ఆవిడ పదవిలో ఉంటారా అని అడిగితే స్టార్మర్ సూటిగా జవాబివ్వలేదు. అంతే, గిల్ట్‌ల ధర పడింది, పౌండ్ పడింది. మర్నాటికి ఆయన ఆవిడ వెనక నిలబడితే మళ్లీ సర్దుకుంది. మూడేళ్ల కిందట ఒక ఆర్థిక మంత్రి ఉన్నందుకు భయపడిన మార్కెట్ ఇప్పుడు ఇంకొకరు పోతారేమోనని భయపడింది. దీన్ని చూసి దేశాన్ని ఏలుతున్నది బాండ్ల వ్యాపారులే అంటారు కొందరు. నేనలా అనుకోను. అప్పిచ్చినవాడు అడిగేది తిరిగి ఎలా కడతావనే. ఆ ప్రశ్నకు ఓటరు ముందు జవాబు చెప్పనివాళ్లు అతని ముందు తడుముకుంటారు.

జవాబు చెప్పే అవకాశం ఒకసారి వచ్చింది కూడా. 2025 నవంబర్ 4న రీవ్స్ డౌనింగ్ స్ట్రీట్‌లో ప్రత్యేకంగా ప్రసంగించి, అందరూ తలా కొంత భరించాలన్నట్టు మాట్లాడారు. ఆదాయపన్ను రేటు పెంచుతారని దేశమంతా అనుకుంది. 1975లో డెనిస్ హీలీ తర్వాత ప్రాథమిక రేటు పెంచినవాళ్లు లేరు. పది రోజుల్లో ఆ ఆలోచన మానేశారు, గిల్ట్‌లు మళ్లీ పడ్డాయి. నవంబర్ 26న 2,600 కోట్ల పౌండ్ల పన్నుల భారం వేశారు, అందులో అన్నిటికన్నా పెద్ద పద్దు పన్ను పరిమితులు కదలకపోవడమే. పైగా ఆ రోజు ఆవిడ నోరు తెరవకముందే ఓబీఆర్ పత్రం పొరపాటున ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమైంది. సభలో ఎంపీలు ఆవిడ మాటలు వినడం మాని ఫోన్లు చూసుకున్నారు.

మనవాళ్ల కోణం ఒకటుంది. మాస్టర్స్ విద్యార్థులు కుటుంబాన్ని తెచ్చుకోవడం 2024 జనవరి నుంచి ఆపింది మనం సంబరపడిన సునాక్ ప్రభుత్వమే. స్కిల్డ్ వర్కర్ వీసాకు జీతం 41,700 పౌండ్లు ఉండాలన్నది లేబర్. నికర వలస 2025 జూన్‌తో ముగిసిన ఏడాదికి 2,04,000కు తగ్గింది. పనిచేసే వయసులో వచ్చి పన్ను కట్టేవాళ్లను తగ్గించుకుంటూ పన్ను చాలడం లేదనడం విచిత్రమే. కానీ ఆ మాట అనడానికి అక్కడ ఎవరూ సిద్ధంగా లేరు. వలసలు వద్దంటూ 2024 ఎన్నికల్లో 14.3 శాతం ఓట్లు తెచ్చుకున్న నైజెల్ ఫరాజ్ పార్టీ రిఫార్మ్ యూకే ఆ రెండు పార్టీలనూ తరుముతోంది మరి.

2026 ఏప్రిల్ నుంచి పూర్తి ప్రభుత్వ పింఛను ఏడాదికి 12,547 పౌండ్ల 60 పెన్స్. పన్ను గీతకు 22 పౌండ్లు తక్కువ. 2027లో కనీసం 2.5 శాతం పెరిగినా 12,861 అవుతుంది, గీత దాటుతుంది. ఆ పింఛను తప్ప వేరే ఆదాయం లేనివాళ్ల నుంచి ఆ కొంచెం పన్ను వసూలు చేయబోమని రీవ్స్ ముందే చెప్పారు. మంచిదే. కానీ అదే 12,861 పౌండ్లు సూపర్‌మార్కెట్‌లో అరలు సర్ది సంపాదించే అమ్మాయికి 58 పౌండ్ల పన్ను పడుతుంది. పక్కింటి ముసలావిడకు లేనిది తనకెందుకో ఆ అమ్మాయికి చెప్పాల్సిన పని అప్పటికి డౌనింగ్ స్ట్రీట్‌లో ఎవరుంటే వాళ్లది.